మెడ మీద సూది దిగే ముందు ప్రోబ్ పెట్టండి సార్: మన దిక్కు ఐసీయూలు నడిపే పెద్దలకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ దిక్కు ఐసీయూలు నడిపిస్తున్న సూపరింటెండెంట్ సార్లకు, మేడమ్‌లకు, ప్రైవేట్ ఆస్పత్రుల మేనేజ్‌మెంట్లకు, జిల్లా వైద్యారోగ్య అధికారులు (డీఎంహెచ్ఓ) గార్లకు నమస్కారం.

నేను హనుమకొండలో ఐసీయూ స్టాఫ్ నర్సును. ట్రాకియాస్టమీ (మెడ ముందు రంధ్రం చేసి గాలిగొట్టంలోకి ట్యూబ్ వేసుడు, మేం పొట్టిగ ట్రేక్ అంటం) చేసేది డాక్టర్లు, నేను కాదు, కానీ చేసేటప్పుడు మంచం పక్కన నిలబడి మత్తు మందు ఎక్కించేది, ట్యూబ్ చుట్టూ ఉండే బుడగ (కఫ్) లోపలి గాలి తీసేది, కఫం లాగే సక్షన్ పట్టేది, రక్తంలో ఆక్సిజన్ శాతం (సాచురేషన్) ఎంతుందో పైకి చదివి చెప్పేది మేమే. అయిపోయినంక ఆ మెడకు రోజూ డ్రెస్సింగ్ చేసేది మేమే, అర్ధరాత్రి గాజు తడిసి ఎర్రగైతే మొదలు చూసేది కూడా మేమే. అందుకే దీని మీద మాట్లాడే హక్కు మాకూ ఉందని రాస్తున్న. నేను అడిగేది ఒక్కటే, బెడ్ పక్కన చేసే ఏ ట్రాకియాస్టమీ అయినా సరే, మెడ మీద సూది దిగే ముందు అల్ట్రాసౌండ్ ప్రోబ్ (స్కానింగ్ మిషన్‌కు ఉండే, ఒంటి మీద పెట్టి చూసే పరికరం) పెట్టి చూడాలె, దానికి మిషన్ ఐసీయూలోనే ఉండాలె, తాళం ఐసీయూ డ్యూటీ డాక్టర్ దగ్గర ఉండాలె. ఎందుకు అడుగుతున్ననో జర ఓపికగా చదవండి.

ఇది చదివే మామూలు జనాల కోసం ముందు కొంచెం చెప్తా. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌కు నోట్లకెళ్లి గాలిగొట్టంలోకి ట్యూబ్ వేసి ఉంటది. వారం పది రోజులు దాటినా ఇంకా వెంటిలేటర్ అవసరం ఉందనిపిస్తే ఆ ట్యూబ్ తీసేసి మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం చేసి అక్కడ పొట్టి ట్యూబ్ వేస్తరు. అట్ల చేస్తే మత్తు మందు తగ్గించొచ్చు, నోరు శుభ్రంగ ఉంచొచ్చు, కఫం తీసుడు సులువైతది, పేషెంట్‌ను లేపి కూర్చోబెట్టొచ్చు, మెల్లమెల్లగ వెంటిలేటర్ నుంచి విడిపించొచ్చు. మన ఊర్లల్ల దీన్ని గొంతుకు హోల్ పెట్టిండ్రు అంటరు, ఆ మాట వింటేనే ఇంటోళ్లు సగం ఆశ వదులుకుంటరు. ఇగ మాట రాదేమో, జిందగీ అంతా ఆ పైపుతోనే బతకాల్నేమో అని కారిడార్‌లో కూలబడి ఏడుస్తరు. నిజానికి కోలుకున్న చాలామందికి ట్యూబ్ తీసేస్తరు, రంధ్రం కొన్ని రోజుల్లో దానంతటదే మూసుకుంటది, మాట తిరిగొస్తది.

ఇదివరకు పేషెంట్‌ను ఆపరేషన్ థియేటర్ (ఓటీ)కి తీస్కపోయి సర్జన్ కోసి చేసేటోళ్లు. ఇప్పటికీ చిన్నపిల్లలకు, మెడలో పెద్ద గడ్డ ఉన్నోళ్లకు, అంతకుముందు మెడ ఆపరేషన్ అయినోళ్లకు ఎక్కువగా అట్లనే చేస్తరు, అది కరెక్టే. అయితే 1985లో అమెరికాలో సియాగ్లియా అనే సర్జన్ ఇంకో పద్ధతి చూపించిండు. మెడలకెళ్లి సూది గాలిగొట్టంలోకి దింపాలె, సూదిలకెళ్లి గైడ్ వైర్ పంపాలె, ఆ వైర్ మీదుగా డైలేటర్లతో దారి వెడల్పు చేసుకుంట పోయి ట్యూబ్ దింపాలె. తర్వాత తర్వాత నాలుగైదు డైలేటర్ల బదులు కొన సన్నగా, మొదలు లావుగా ఉండే ఒకటే డైలేటర్ వచ్చింది. వెంటిలేటర్ తీసి, లిఫ్ట్ ఎక్కించి, ఓటీ దాకా తీస్కపోయే గండం తప్పింది. ఇప్పుడు పెద్దోళ్లకు ఐసీయూల్లో ఎక్కువ శాతం ఇట్లనే చేస్తున్నరు. ఈ పద్ధతిని నేను తప్పు పడతలేను, మంచి పద్ధతి. కానీ దీంట్లో ఒక సంగతి ఉంది, కోసి చేసేటప్పుడు సర్జన్ కండ్లకు లోపలున్నది కనిపిస్తది, ఇందులో సూది దిగే జాగ పైనుంచి కనపడదు. మొత్తం కథ ఆ మొదటి సూది మీదనే నడుస్తది, సూది ఎటు పోతే వైర్ అటు, వైర్ ఎటు పోతే డైలేటర్ అటు, డైలేటర్ ఎటు పోతే ట్యూబ్ అటు.

ఆ సూది ఎంత చిన్న జాగలో పడాల్నో చూడండి. పెద్దోళ్ల గాలిగొట్టం వెడల్పు రెండు సెంటీమీటర్లకు అటు ఇటు. దాని చుట్టూ పైనుంచి కిందికి వరుసగా గట్టి రింగులుంటయి. సూది దాని నడిమధ్యన దిగాలె, రెండో రింగుకు మూడో రింగుకు నడుమ అయితే మంచిది. మరీ పైకి పోయి క్రికాయిడ్ (కంఠమణి కిందుండే గట్టి రింగు) దగ్గర పడితే తర్వాత అక్కడ గొట్టం సన్నబడి ఊపిరి ఆడదు. మరీ కిందికి పోతే ఛాతీలకెళ్లి వచ్చే పెద్ద ధమని దగ్గర పడ్తం, ట్యూబ్ దాన్ని ఒరుసుకుంట ఉంటే కొన్ని రోజులకో వారాలకో ఒక్కసారిగ రక్తం చిమ్మొచ్చు, అట్ల అయితే బతికించుడు మస్తు కష్టం. పక్కకు పోతే రింగు విరగొచ్చు. ముందు దిక్కు థైరాయిడ్ ఉంటది, అడ్డంగ నిలువుగ వెయిన్లు (రక్తనాళాలు) ఉంటయి. ఇగ వెనక గోడ, రింగులన్నీ ఇంగ్లీషు సీ అక్షరం లెక్క ఉంటయి, వెనక ఎముక లెక్క గట్టిది ఏం ఉండదు, మెత్తటి పొర, దాని వెనకనే అన్నం పోయే గొట్టం. సూది జర ఎక్కువ దిగినా, డైలేటర్ బలంగ తోసినా ఆ పొర చిరుగుతది.

మరి సూది ఎక్కడ పోతుందో తెలుసుకునేది ఎట్ల? ఒకటి వేలు. రెండోది బ్రాంకోస్కోప్, అంటే గాలిగొట్టం లోపలికి పంపే సన్నటి కెమెరా గొట్టం. మూడోది అల్ట్రాసౌండ్.

వేలితో చూసుడంటే కంఠమణి దగ్గర మొదలుపెట్టి కిందికి జరుపుకుంట క్రికాయిడ్ పట్టుకోని, అక్కడ్నుంచి రింగులు లెక్కపెట్టుకోవాలె. బక్కగ, మెడ పొడుగ్గ ఉన్న పేషెంట్‌కు అనుభవమున్న డాక్టర్ వేలితోనే చక్కగ చేస్తడు, నేను చూసిన, కాదనను. కానీ మనకు వచ్చే పేషెంట్లందరి మెడలు అట్ల ఉంటయా? పక్షవాతంతో వచ్చిన లావు మనిషికి గడ్డం కింద రెండు మడతలుంటయి, ఏ రింగూ తగలదు. బైక్ యాక్సిడెంట్ అయి తలకు దెబ్బ తగిలి కాలర్‌తో వచ్చినోని మెడ వెనక్కి వంచరాదు, మెడ వంచకపోతే గాలిగొట్టం పైకి రాదు. పది రోజులు సెలైన్లెక్కి ఒళ్లంతా వాచిన పేషెంట్ మెడ మీద వేలు పెడితే గుంట పడుతది తప్ప రింగు అందదు. అసలు వేలుకు రింగులు తగిలినా వాటి ముందున్న వెయిన్ తగలదు, ఎంత అనుభవమున్నా సరే.

బ్రాంకోస్కోప్ లోపలికెళ్లి చూపిస్తది. నోట్లున్న ట్యూబ్‌లకెళ్లి స్కోప్ పంపితే, సూది గాలిగొట్టం లోపలికి వచ్చుడు స్క్రీన్ మీద అందరికీ కనిపిస్తది. నడిమధ్యన వచ్చిందా పక్కకొచ్చిందా, వెనక గోడకు తగుల్తుందా, వైర్ కిందికే పోయిందా, సూది పొరపాటున నోటి ట్యూబ్‌నే గుచ్చిందా, అన్నీ తెలుస్తయి. వెనక గోడను కాపాడుడు విషయంలో స్కోప్‌ను మించింది లేదు. కానీ దానికీ ఇబ్బందులున్నయి. 8 సైజ్ ట్యూబ్‌లో 5.5 మిల్లీమీటర్ల స్కోప్ వేస్తే గాలి పోయే దారి దాదాపు సగం మూసుకుంటది, 7 సైజ్ ట్యూబ్ అయితే 60 శాతం పైనే మూసుకుంటది. మన ఆడవాళ్లకు చాలామందికి 7 సైజ్ ట్యూబే ఉంటది కదా. అంతసేపు గాలి సరిగ్గ ఆడక కార్బన్ డయాక్సైడ్ పెరుగుతది, తలకు దెబ్బ తగిలినోళ్లకు అది పెరిగితే మెదడు మీద ఒత్తిడి పెరుగుతది. ఇగ ఇంకో సంగతి, స్కోప్ గాలిగొట్టం లోపల ఏముందో చెప్తది గాని చర్మానికి గొట్టానికి నడుమ ఏముందో చెప్పదు, వెయిన్ ఉన్నా థైరాయిడ్ ఉన్నా దానికి కనపడదు. ఖర్చు సంగతి చెప్పనే అక్కర్లేదు, సూది తగిలి స్కోప్ పాడైతే రిపేరుకు చాలా అయితదని కొన్ని చోట్ల బయటకే తియ్యరు, రాత్రిపూట అది పట్టేటోళ్లు కూడా దొరకరు.

అల్ట్రాసౌండ్ బయటికెళ్లి చూపిస్తది. లీనియర్ ప్రోబ్ (మెడ లెక్క చర్మానికి దగ్గరున్నవి చూసే ప్రోబ్) నిలువుగ పెడితే రింగులన్నీ పూసల దండ లెక్క వరుసగా కనిపిస్తయి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకోవచ్చు. అడ్డంగ తిప్పితే గాలిగొట్టం గుండ్రంగ, దాని నడిమధ్య ఎక్కడుందో, పైన థైరాయిడ్ ఎంత మందం ఉందో, వెయిన్ ఎక్కడ ఉందో కనిపిస్తది. చర్మం నుంచి గొట్టం దాకా ఎంత లోతుందో మిల్లీమీటర్లల్ల కొలవొచ్చు, లావు మెడ అయితే మామూలు ట్యూబ్ సరిపోతదా పొడుగు ట్యూబ్ తెప్పించాల్నా అనేది ముందే తెలుస్తది. ఈ పొట్టి ట్యూబ్ సంగతి జర పట్టించుకోండి, లావు పేషెంట్‌కు మామూలు ట్యూబ్ వేస్తే పక్కకు తిప్పినప్పుడు ఊడొస్తది, దాని భయం ఏందో నైట్ డ్యూటీ నర్సులకు తెలుసు. అల్ట్రాసౌండ్ పెట్టినంతసేపు గాలికి అడ్డం ఉండదు. అయితే దానికి గాలి దాటి చూపు పోదు, గొట్టం ముందు గోడ దాకనే, వెనక గోడ కనపడదు. ఇది దాని లోటు, ఒప్పుకోవాలె.

నేను కండ్లారా చూసింది ఒకటి చెప్తా. నర్సంపేట దిక్కు కౌలు రైతు, చిన్న వయసే, పురుగుల మందు కేసు. డాక్టర్ సార్ వేలితో తడిమి చూసి స్కిన్ మార్కర్‌తో ఒక గీత పెట్టిండు, మనిషి బక్కగనే ఉండె, రింగులు బాగనే అందినయి. తర్వాత ప్రోబ్‌కు జెల్ రాసి అదే గీత మీద పెట్టిండు. స్క్రీన్ మీద గీత కిందనే నల్లగ గుండ్రంగ ఒకటి కనపడ్డది. ప్రోబ్‌ను జర నొక్కితే చదునైపోతుంది, వదిలితే మళ్లా తేలుతుంది. వెయిన్, సరిగ్గ సూది దిగాల్సిన జాగలో. సార్ ఏం మాట్లాడలే, ప్రోబ్ మెల్లగ కిందికి జరిపిండు, ఆ వెయిన్ పక్కకు పోయేదాకా చూసిండు, స్పిరిట్ దూదితో పాత గీత తుడిచేసి వేలెడు కింద కొత్త గీత పెట్టిండు. అంతే, ఒకటి రెండు నిమిషాల పని. ఆ పిల్లగాని మెడ డ్రెస్సింగ్ రాత్రంతా తెల్లగనే ఉండె. వేలు సరిగ్గనే పట్టింది, డాక్టర్ అనుభవం తక్కువేం కాదు, వేలుకు తెలిసేది అంతవరకే.

ఇది ఒక్క నా కండ్లతో చూసింది కాదు. 2000లో జర్మనీ డాక్టర్లు రాసిన దాంట్లో, ముందు అల్ట్రాసౌండ్ చూసినందుకు దాదాపు నాలుగో వంతు మందిలో సూది గుచ్చే జాగ మార్చినమని చెప్పిండ్రు. 2014లో ఆస్ట్రేలియాలో 50 మంది ఐసీయూ పేషెంట్లను రెండు గుంపులు చేసి చూసిండ్రు, వేలితో చేసిన గుంపులో మొదటి గుచ్చుడుకే సరిగ్గ పడింది 58 శాతం, అల్ట్రాసౌండ్‌తో చేసిన గుంపులో 87 శాతం. నడిమధ్య నుంచి పక్కకు పోవుడు కూడా అల్ట్రాసౌండ్‌లో తక్కువ. మరి స్కోప్‌తో పోలిస్తే? బ్రెజిల్‌లో ట్రాకస్ అనే ట్రయల్ చేసిండ్రు, 2016లో వచ్చింది, 118 మంది పేషెంట్లు, సగం మందికి అల్ట్రాసౌండ్, సగం మందికి బ్రాంకోస్కోప్. ప్రొసీజర్ ఫెయిలైంది అటు ఒక్కరికి, ఇటు ఒక్కరికి. పట్టిన టైమ్ అల్ట్రాసౌండ్‌కు 11 నిమిషాలు, స్కోప్‌కు 13 నిమిషాలు, పెద్ద తేడా లేదు. చిన్న చిన్న ఇబ్బందులు మాత్రం అల్ట్రాసౌండ్ గుంపులో 33 శాతం, స్కోప్ గుంపులో 21 శాతం దాకా వచ్చినయి, ఆ తేడా స్టాటిస్టిక్స్ ప్రకారం గట్టిగ చెప్పేంతది కాదు, అయినా దాచి మాట్లాడుడు నాకిష్టం లేదు కాబట్టి చెప్తున్న. మొత్తం మీద తేలిందేందంటే అల్ట్రాసౌండ్ స్కోప్ కన్నా గొప్పదని కాదు, స్కోప్ లేని చోట దాని జాగలో నిలబడగలుగుతదని. మన జిల్లాలకు ఇది ఎంత పెద్ద మాటనో మీకే తెలుసు.

డాక్టర్లల్ల స్కోప్ వర్గం, అల్ట్రాసౌండ్ వర్గం అని వాదన నడుస్తది, నాకు ఆ వాదన అర్థం కాదు. ఒకటి చర్మం నుంచి గొట్టం దాకా చూపిస్తది, ఇంకోటి గొట్టం లోపల చూపిస్తది, రెండింటికీ పోటీ ఎందుకు? నా అభిప్రాయమైతే, ముందు అల్ట్రాసౌండ్ చూసుడు అందరికీ, బక్క మెడకైనా లావు మెడకైనా, మినహాయింపు లేకుంట. స్కోప్ ఉన్న చోట, పట్టే మనిషి ఉన్న చోట అది కూడా వాడాలె, ముఖ్యంగా లావు మెడలకు, వంచరాని మెడలకు, కొత్త డాక్టర్ నేర్చుకుంటున్నప్పుడు. తలకు దెబ్బ తగిలినోళ్లకు మాత్రం స్కోప్ లోపల ఎంతసేపు ఉంటుందో గడియారం చూసుకుంట వాడాలె. రెండూ లేకపోతే? ఆగాలె.

అవును, ఆగితే ఏమైతది? ఇక్కడే చాలామంది తొందరపడుతున్నరు. ట్రాకియాస్టమీ ఇట్ల ప్లాన్ చేసి చేసేది ఎమర్జెన్సీ కాదు, పేషెంట్ నోట్ల ట్యూబ్ ఉండనే ఉంది. యూకేలో ట్రాక్‌మ్యాన్ అని పెద్ద ట్రయల్ చేసిండ్రు, 909 మంది, 2013లో వచ్చింది. సగం మందికి వెంటిలేటర్ మీద పెట్టిన మొదటి 4 రోజుల్లోనే ట్రేక్ చేద్దామనుకున్నరు, మిగతా సగం మందికి 10 రోజులు దాటినంక అవసరమైతేనే. 30 రోజుల్లో చనిపోయినోళ్లు తొందరగ చేసిన గుంపులో 30.8 శాతం, ఆగిన గుంపులో 31.5 శాతం, అంటే దాదాపు ఒకటే. పైగా ఆగిన గుంపులో ట్రేక్ చేయాల్సి వచ్చింది 45 శాతం మందికే, మిగతావాళ్లకు అసలు ఆ అవసరమే పడలేదు. కాబట్టి శుక్రవారం రాత్రి మిషన్ దొరకలేదని వేలితోనే కానిచ్చేద్దాం అనుడు కన్నా, శనివారం పొద్దుగాల మిషన్, మనుషులు అందరూ ఉన్నప్పుడు చేసుడు మంచిది.

గతంలో నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో, పేరు చెప్పను, ఆగలేదు. పక్షవాతం వచ్చిన పెద్దమనిషి, ఆడామె, లావు మెడ. స్కానింగ్ రూముకు తాళం, తాళంచెవి రేడియాలజీ వాళ్ల దగ్గర, వాళ్లు ఇంటికి పోయిండ్రు. వేలితోనే మొదలుపెట్టిండ్రు. సూది గుచ్చితే గాలి రాలే, తీసి మళ్లా గుచ్చిండ్రు, మళ్లా తీసిండ్రు, సిరంజిలో రక్తం. మానిటర్ టిక్ టిక్ మంద్రమైకుంట పోతుంది, సాచురేషన్ పడితే ఆ సౌండ్ స్థాయి దిగుతది, మాకు స్క్రీన్ చూడకున్నా తెలుస్తది. చివరికి ఆపేసి, సూది కోసం పైకి లాగి ఉంచిన నోటి ట్యూబ్‌ను మళ్లా కిందికి తోసి, గాజు పెట్టి ఒత్తి పట్టుకొని, సర్జన్ వచ్చేదాకా కూర్చున్నరు. ఆమె బతికింది. కానీ రాత్రి రక్తం ఎక్కించాల్సి వచ్చింది, ఐసీయూలో ఇంకా చాలా రోజులు ఉండాల్సి వచ్చింది, బయట ఆమె కొడుకు బిల్లు కోసం ఫోన్లు చేసుకుంట తిరిగిండు. స్కానింగ్ మిషన్ అదే బిల్డింగులో ఉండె.

ఆ తాళం గురించే ఇప్పుడు అసలు మాట. అల్ట్రాసౌండ్ మిషన్‌కు తాళం ఎందుకు పడుతుందో నాకు తెలుసు. పీసీపీఎన్‌డీటీ చట్టం, 1994లో వచ్చింది, కడుపులో ఆడపిల్ల అని తెలుసుకొని చంపుడు ఆపటానికి. నేనూ ఆడపిల్లనే, ఆ చట్టంల ఒక్క అక్షరం కూడా సడలించమని అడగను. మిషన్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలె, ఎవరు వాడుతున్నరో రికార్డ్ ఉండాలె, రిజిస్టర్ కాని మిషన్ కనపడితే సీల్ చేయాలె, అన్నీ కరెక్టే. కానీ పోర్టబుల్ మిషన్‌ను రిజిస్టర్ చేయించుకొని ఆస్పత్రి లోపల, అడ్మిట్ అయిన పేషెంట్లకు వాడుకునే వీలు ఆ రూల్స్‌లోనే ఉంది కదా. మరి చాలా చోట్ల ఏమైతుందంటే, ఐసీయూ కోసం ఒక మిషన్ రిజిస్టర్ చేయించుడు పెద్ద తలనొప్పి, తనిఖీలకొస్తరు, కాగితాలు అడుగుతరు అని మేనేజ్‌మెంట్లు అసలు కొనరు, కొన్నా బీరువాలో పెట్టి తాళమేసి ఒక్కరి దగ్గర ఉంచుతరు. డీఎంహెచ్ఓ గార్లను నేను అడిగేది ఇదే, ఐసీయూ మిషన్ల రిజిస్ట్రేషన్ ఎట్ల చేయించుకోవాల్నో, ఐసీయూ డాక్టర్ల పేర్లు ఎట్ల ఎక్కించుకోవాల్నో, ఏ రిజిస్టర్ రాయాల్నో ఒక్క కాగితం మీద తెలుగులో, ఇంగ్లీషులో స్పష్టంగ రాసి అన్ని ఆస్పత్రులకు పంపండి. మెడ చూసే లీనియర్ ప్రోబ్ ఒక్కటే ఐసీయూలో ఉంచి, పొట్ట మీద పెట్టే ప్రోబ్‌ను వేరేగ తాళంల పెట్టే పద్ధతి పెట్టొచ్చా అన్నది కూడా మీరే ఆలోచించి చెప్పండి. భయంతో తాళమేసుడు వేరు, లెక్క రాసుకొని వాడుడు వేరు.

మన దిక్కు పేషెంట్ల సంగతి ఇంకొంచెం చెప్పాలె, ఎందుకంటే హైదరాబాద్ ఐసీయూకు మన ఐసీయూకు తేడా ఉంది. మనది పత్తి జిల్లా. వానకాలం మొదలైతే పురుగుల మందు కేసులు మొదలైతయి, కొందరు తాగినోళ్లు, కొందరు మూతికి గుడ్డ లేకుంట పిచికారీ చేసి పడిపోయినోళ్లు. ఆర్గానోఫాస్ఫరస్ మందు అయితే మొదటి గండం గడిచినంక, ఇగ బాగైతుండు అనుకున్నప్పుడు, ఒకటి నుంచి నాలుగు రోజుల నడుమ మెడ నిలపలేకపోతరు, తల దిండు మీద నుంచి లేవదు, మళ్లా ఊపిరి కండరాలు పడిపోతయి. దీన్ని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని 1987లో శ్రీలంక డాక్టర్లు మొదటిసారి వివరంగా రాసిండ్రు. అట్లాంటోళ్లకు వారం, రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వెంటిలేటర్ కావాలె. కానీ తిరిగి కోలుకుంటరు సార్, అదే ముఖ్యం. ఊపిరితిత్తులు బాగుంటయి, మెదడు బాగుంటది, వయసు ఇరవై, ముప్పై. చేయాల్సిందల్లా ఆ కండరాలు తిరిగొచ్చేదాకా ఊపిరి ఇచ్చుకుంట కాపాడుడే. అట్లాంటి మనిషికి మన చేతుల మీదుగా గాలిగొట్టం దెబ్బతిని, ఇంటికి పోయినంక ఊపిరి ఆడక మళ్లా వచ్చుడు కన్నా అన్యాయం ఉండదు.

ట్యూబ్ దింపినంక కూడా ఒక మాట. ట్యూబ్ సరిగ్గ గాలిగొట్టంలోనే ఉందా అన్నది స్టెతస్కోప్‌తో విని ఊకుంటే సరిపోదు, ఈటీసీఓటూ వేవ్ రావాలె స్క్రీన్ మీద, అంటే పేషెంట్ వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ గీత, దాన్ని చూపించే పద్ధతినే క్యాప్నోగ్రఫీ అంటరు. యూకేలో నాప్4 అని దేశం మొత్తం మీద ఎయిర్‌వే (ఊపిరి దారి) ప్రమాదాల లెక్క తీసి 2011లో రిపోర్ట్ ఇచ్చిండ్రు. ఐసీయూల్లో ఎక్కువ నష్టం చేసింది ట్రాకియాస్టమీ ట్యూబ్ జరిగిపోవుడే అని తేలింది. ఐసీయూలో ఎయిర్‌వే ప్రమాదాలతో చనిపోయినోళ్లలో 70 శాతం పైన కేసుల్లో క్యాప్నోగ్రఫీ వాడకపోవుడు కూడా కారణమై ఉండొచ్చని రాసిండ్రు. మన దగ్గర మానిటర్లకు ఆ సౌకర్యం ఉన్నా కేబుల్ ఉండదు, కేబుల్ ఉన్నా సెన్సార్ అయిపోయి ఉంటది, ఇండెంట్ పెడితే నెలలు పడుతది. దయచేసి సెన్సార్లు తెప్పించండి. రంధ్రం చేసి వారం కాకముందు ట్యూబ్ ఊడితే దారి మూసుకుపోతది, మళ్లా అదే రంధ్రంలకెళ్లి గుడ్డిగ తోసుడు ప్రమాదం, పైనుంచి నోట్లకెళ్లి ట్యూబ్ వేసుడే దిక్కు. ఈ మాట బెడ్ తల దిక్కు ఒక కార్డు మీద రాసి పెట్టాలె, ట్రేక్ ఎప్పుడు చేసిండ్రు, ఏ పద్ధతిలో చేసిండ్రు, ఏ సైజు, నోట్లకెళ్లి ట్యూబ్ వేయొచ్చా లేదా అని. డ్యూటీ మారినప్పుడు కొత్తగ వచ్చిన సిస్టర్‌కు ఆ కార్డే దిక్కు.

కన్సెంట్ ఫారం గురించి కూడా చెప్పకుంట ఉండలేను. ఇంగ్లీషులో నాలుగు పేజీలిచ్చి, ఇక్కడ సంతకం పెట్టమ్మా అంటే ఆ తల్లికి ఏం తెలుస్తది? గొంతు కోస్తరా అని నన్నే అడుగుతరు. ముందు మిషన్‌తో మెడ చూసి, రక్తనాళాలు లేని జాగ చూసుకొని చేస్తం, కోలుకున్నంక తీసేస్తం, ఇవి ఇవి ప్రమాదాలు ఉన్నయి అని రెండు నిమిషాలు తెలుగులో చెప్తే వాళ్లే ధైర్యంగ సంతకం పెడ్తరు. ఏ పద్ధతిలో చేస్తున్నరు అని అడిగే హక్కు పేషెంటోళ్లకు ఉంది, అడిగితే కోపం చేయొద్దు.

ఇప్పుడు వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు జాగలో 24 అంతస్తుల ఆస్పత్రి కడుతున్నరు. అందులో ఐసీయూలకు సామాను లిస్ట్ రాసేటోళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ప్రతి ఐసీయూకు ఒక అల్ట్రాసౌండ్, ఒక బ్రాంకోస్కోప్, ప్రతి వెంటిలేటర్ బెడ్‌కు క్యాప్నోగ్రఫీ మొదటి పేజీలోనే రాయండి. స్కోప్ రిపేర్ భయం ఉన్న చోట ఒకసారి వాడి పడేసే స్కోపులు వస్తున్నయి, వాటి ఖర్చు ఆరోగ్యశ్రీలో ఎట్ల కలపాల్నో ట్రస్ట్ అధికారులు చూడాలె, 10 లక్షల దాకా ఇస్తున్న పథకంలో ఇది పెద్ద లెక్క కాదనుకుంటున్న. ట్రైనింగ్ సంగతికొస్తే మన కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి ఉంది, అనస్థీషియా సార్లు, మేడమ్‌లు రోజూ మెడ మీద ప్రోబ్ పెట్టి సెంట్రల్ లైన్లు (పెద్ద వెయిన్‌లోకి మందులెక్కించే గొట్టాలు) వేస్తనే ఉంటరు, వాళ్లకు ఇది కొత్త విద్య కాదు. జిల్లా ఆస్పత్రుల డ్యూటీ డాక్టర్లను పిలిచి ఒక్కరోజు చూపిస్తే చాలామందికి చేయి తిరుగుతది, ఆ రోజు ఒకరిద్దరు నర్సులను కూడా పిలవండి, స్క్రీన్ మీద ఏం చూడాల్నో మాకు తెలిస్తే మేమూ ఇంకో జత కండ్లయితం. మన దేశ క్రిటికల్ కేర్ సొసైటీ 2020లో ట్రాకియాస్టమీ మీద నిపుణుల సూచనలు వేసింది, వాటిని ప్రింట్ తీసి మీ మీటింగులో ముందర పెట్టుకొని, మీ ఐసీయూకు సరిపోయే పద్ధతి ఒక పేజీలో రాసుకోండి.

డబ్బులకు, టెండర్లకు టైమ్ పడుతదని తెలుసు. పడినా సరే, ఈ వారమే చేయగలిగింది ఒకటుంది. మీ ఆస్పత్రిలో ఉన్న అల్ట్రాసౌండ్ మిషన్ ఎక్కడుంది, రాత్రి పది దాటినంక దాని తాళం ఎవరి దగ్గర ఉంటది, ఏ నంబర్‌కు ఫోన్ చేయాలె, ఈ మూడు ముక్కలు రాసి ఐసీయూ నర్సింగ్ స్టేషన్ గోడకు అంటించండి. మీ ఐసీయూలో ట్రేక్‌కు ముందు మెడ స్కాన్ చేస్తున్నరా లేదా అన్నది మీ నర్సులను పిలిచి ఒక్కసారి అడగండి, మాకు తెలుసు, చెప్తం.

ఇట్లు,
ఒక ఐసీయూ స్టాఫ్ నర్సు,
హనుమకొండ